9973 నంబరు ఇల్లు

గడియారాలు బాగుచేసే ఆమె పొద్దున్నే ముందుగది కిటికీ దగ్గర కూర్చుని కంటికి భూతద్దం తగిలించుకుందంటే, వెలుగు పోయేదాకా లేవదు. సన్నటి మరలు కనిపించేంత వెలుతురు ఆ ఇంట్లో ఆ ఒక్క కిటికీలోంచే వస్తుంది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే అన్నయ్యకి ఆ టిక్కుటిక్కులంటే ఒళ్ళుమంట. ఇల్లు ఇద్దరిదీ. మధ్యలో గోడ కట్టించి, గాలి తగిలే కిటికీ వాటా తనే తీసుకుంటానని పట్టుబట్టాడు.

తాపీమేస్త్రి మూడుసార్లు గోడ లేపాడు. మూడుసార్లూ తెల్లారేసరికి ఇటుకలు వాకిట్లో ఒక్క వరసలో పేర్చి ఉన్నాయి.

"ఇంటి నంబరెంతండీ?" అన్నాడు చివరికి.

"9973."

"ముందే చెప్పొద్దూ! అది దేనికీ లొంగదు. నంబరు భాగం కాంది ఇల్లెలా అవుతుంది?"

ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పన్నెండో నంబరువాళ్ళు మొదట మూడు వాటాలు వేసుకుని, తర్వాత నాలుగు చేసుకున్నారు. అక్కడ గోడలు చెప్పినట్టు వింటాయి. అయినా ఆమెకి కుతూహలం ఆగలేదు. రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ తొంభై ఏడు దాకా భాగించి చూసింది. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. వంద దాటాక చూడక్కర్లేదు. రెండు ముక్కలూ వంద దాటితే గుణకారం పదివేలు దాటిపోతుంది. ఎంత మొండి ఇంట్లో పుట్టానా అని ముచ్చటపడింది.

అన్నయ్య నంబరు మార్పిస్తానని ఆమెని మునిసిపల్ ఆఫీసుకి లాక్కెళ్ళాడు. ఇద్దరి సంతకాలూ కావాలి మరి.

"ఖాళీగా ఉన్నది 9991 ఒక్కటే," అన్నాడు గుమాస్తా.

"భాగమవుతుందా?"

"అవుతుందండీ. పుస్తకంలో గుర్తు పెట్టి ఉంది."

"రెండు కాకపోతే మూడు. మూడైతే రెండు నావి. పెట్టవే సంతకం, నిద్రొస్తోంది."

"ఆగన్నయ్యా, లెక్క చూసుకోనీ."

"నీ లెక్కలు తగలెయ్య!"

ఆమె దరఖాస్తు వెనకవైపు మొదలుపెట్టింది. మూడుతో ఒకటి మిగిలింది. ఏడుతో రెండు. ఎనభై తొమ్మిదితో ఇరవై మూడు. భోజనానికి లేవబోయిన గుమాస్తా మెడ చాచి చూస్తూ నిలబడిపోయాడు. ఇక మిగిలింది తొంభై ఏడు. తొంభై ఏడు నూటమూళ్ళు సరిగ్గా 9991. పిసరు కూడా మిగల్లేదు.

ఆమె కాగితం తిప్పి, కిక్కురుమనకుండా సంతకం పెట్టేసింది.

కొత్త నంబరు పలక బిగించాక మేస్త్రి నాలుగోసారి గోడ లేపాడు. తెల్లారేసరికి గోడ లేదు. ఆ ఇటుకలే ముందుగది నుంచి వంటింటి దాకా, జానెడేసి దూరంలో, తొంభై ఆరు వరసలుగా నేలమీద పరుచుకుని ఉన్నాయి.

"తొంభై ఏడు వాటాలు. ఇందులో మీదేదండీ?" అన్నాడు మేస్త్రి. "పక్కకి తిరిగి నిలబడితే పడతారు."

"నీకు ముందే తెలుసా?" అని చెల్లెలి మీద లేచాడు అన్నయ్య.

"తెలుసు. భాగమవుతుందా అన్నావు గానీ, ఎన్నింటికని అడిగావా?"

అతను చాలాసేపు ఆ వరసల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"మరి నేనెక్కడ పడి చావను?"

"వంటింటి వెనక గదిలో. అక్కడికి గడియారాల చప్పుడు రాదు. ఎప్పుడైనా పడుకుని చూశావా?"

చూడలేదు. దిండు చంకన పెట్టుకుని, ఇటుకలు దాటుకుంటూ వెళ్ళాడు. సాయంత్రం డ్యూటీకి టైమవుతోందని ఆమె వెళ్ళి లేపేదాకా లేవలేదు.