ఒక గీత లోతు

వడ్రంగి మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని గడపలోని గుంటను వేలితో తుడిచాడు. పాత తలుపు రెక్కలు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. అడుగున చెదలు తినేసి, చెయ్యి పెడితే పొడి రాలుతోంది. కొత్తవి చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. అవే పలకలు, అదే లతల చెక్కడం. ఇత్తడి కడియాలు మాత్రం పాతవే బిగించాడు. వందేళ్ళ ఇంటి ముఖం మారకూడదని ఇంటావిడ మరీ మరీ చెప్పింది.

మార్చవలసింది ఒక్కటుందని మేస్త్రీకి తెలుసు. రెక్క కింది బొడిపె ఈ గుంటలో కూర్చుని తిరుగుతుంది. ముప్పై ఏళ్ళ కిందట పాత గడప తీసి ఇది వేసినప్పుడు తొందరలో ఒక గీత లోతు ఎక్కువ తొలిచాడు. కుడిరెక్క దిగి గడపకు రాసుకునేది. కడియం పట్టి పైకెత్తితే తప్ప కదిలేది కాదు. ఆ సాయంత్రమే చూశాడు. పరువు పోతుందని నోరు మెదపలేదు.

అప్పట్నుంచి రెండు గీతలు గీయనిదే చెక్క కోసి ఎరగడు. తోటివాళ్ళు 'రెండుగీతల మేస్త్రీ' అన్నారు. "ఈయన కూరలో ఉప్పు కూడా రెండుసార్లు చూస్తాడు" అని భార్య నలుగురిలో నవ్వుతుంది. కారణం ఆమెకు కూడా చెప్పలేదు.

ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈ ఒక్కటీ సరిచేసి పోవాలని పట్టుబట్టాడు. గోరంత టేకు బిళ్ళ మీద రెండు గీతలు గీసి, కోసి, గుంటలో వేశాడు. ఇంటావిడ కొడుకు సాయం పట్టగా రెక్క నిలబెట్టాడు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది. గుండె మీది బరువు దిగినట్టయింది.

సాయంత్రం ఇంటావిడ బయటి నుంచి వచ్చి, అలవాటుగా కడియం ఎత్తి తోసింది. తలుపు ఒక్కసారిగా తెరుచుకోవడంతో ఆవిడ తూలి పడబోయింది.

"ఇదేం తలుపు మేస్త్రీగారూ! ఎవరింటికో వచ్చినట్టుంది."

"ఇన్నాళ్ళూ ఎత్తాల్సిరావడం నా తప్పమ్మా. గుంట లోతుగా తొలిచింది నేనే. అప్పుడే చెప్పాల్సింది."

ఆవిడ విస్తుపోయింది. "తప్పేంటండీ? ఈ రెక్క సొంతంగా ఎత్తి తీసిన రోజే మా పిల్లలు పెద్దయినట్టు లెక్క. మా అమ్మాయైతే ఆ రోజు వీధంతా టముకేసింది. ఇప్పుడు మనవరాలి వంతు. రోజూ దీంతో కుస్తీ పడుతోంది. దానికేం చెప్పమంటారు?"

మేస్త్రీ కళ్ళు చెమర్చాయి. తాను ముప్పై ఏళ్ళు సిగ్గుపడ్డదాన్ని ఈ ఇల్లు ముద్దు చేసుకుంది. కొడుకు మళ్ళీ రెక్క ఎత్తి పట్టుకుంటే బిళ్ళ బయటికి తీసేశాడు. రెక్క పాత చోటికి దిగింది.

మనవరాలు పరుగున వచ్చి కడియం పట్టి గింజుకుంది. కదల్లేదు. "రేపు చెప్తా నీ పని!" అని తలుపును బెదిరించి, ఎడమరెక్క సందులోంచి లోపలికి దూరిపోయింది. మేస్త్రీ మనసారా నవ్వాడు.

"కాసేపు కూర్చుంటానమ్మా" అని మెట్టు మీద కూర్చుని ద్వారబంధానికి తల ఆనించాడు.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి పిలిచింది. మళ్ళీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి కొడుకును కేకేసింది.

చీకటి పడకముందే మేస్త్రీ దేహాన్ని ఆయన ఇంటికి చేర్చారు. గడప మీద గోరంత టేకు బిళ్ళ ఉండిపోయింది, పెన్సిలు గీతలు రెండూ చెరగకుండా.