మూడో వరస

"నెమ్మదిగా తోము. పగిలితే మళ్లీ దొరకదు," అన్నాడు డార్న్లీ తొట్టిలోకి తొంగిచూసి. చెయ్యి మాత్రం నీళ్లలో పెట్టలేదు.

శనివారం బ్రిడ్జ్‌టౌన్ చర్చి హాల్లో పాత సోడా, జింజర్ బీర్ సీసాల ప్రదర్శన. తవ్వి తెచ్చేది ఆయనే, కాదనలేం. నూరేళ్ల బురద వదిలించేది మాత్రం భార్య ఎల్మీనా. దస్తూరీ గుండ్రంగా ఉంటుందని సీసాల ముందు పెట్టే చీటీలు రాసేదీ ఆమే. చీటీకి రెండు వరసలు: ఏ కంపెనీది, ఎవరు సేకరించారు. ఇరవై రెండేళ్లుగా రెండో వరసలో మొగుడి పేరే రాస్తోంది.

ఈసారి దొరికింది గోళీసోడా సీసా. గోళీ కోసం పిల్లలు పగలగొట్టకుండా వదిలిన సీసా ఈ ఊళ్లో ఎక్కడుంది గనక? దాని మీది కంపెనీ పేరు చదవగానే ఎల్మీనాకి కళ్లు చెమర్చాయి. ఎప్పుడో మూతపడిన ఆ సోడా ఫ్యాక్టరీలోనే వాళ్లమ్మ ఇయాంతీ ముప్పై ఒక్క ఏళ్లు సీసాలు కడిగింది. చివరి రోజుల్లో వేళ్లు ముడుచుకోక చెంచా పట్టుకోలేకపోతే, ఎల్మీనాయే మొక్కజొన్న పిండితో వండిన కూకూ ముద్ద నోట్లో పెట్టేది.

సీసా పొట్ట లోపల చుట్టూ సన్నటి గీతలున్నాయి. అవి సీసా పోతపోసిన అచ్చులో పడ్డవనీ, తొలికాలపు సరుకుకి అదే గుర్తనీ డార్న్లీ ఇంటికొచ్చిన స్నేహితులకి గొప్పగా చూపించాడు. టీ అందిస్తున్న ఎల్మీనా ఉండబట్టలేకపోయింది.

"అచ్చువి కావండీ. గరుకు ఇసుక పోసి గిరగిరా తిప్పి కడిగేవాళ్లు. ఏళ్ల తరబడి అదే సీసా తిరిగొచ్చేది కదా, అలా పడ్డాయి. అమ్మ చెప్పేది."

"మీ అమ్మ సీసాలు కడిగిందే గానీ చేసిందా? వంటింటి కబుర్లు ఇక్కడెందుకే," అన్నాడు డార్న్లీ. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ ఎల్మీనా కూడా నవ్వింది. కప్పులు తోముతున్నప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్లు నవ్వితే నవ్వారు, అమ్మ చేతుల మీద తనెలా నవ్వింది?

శుక్రవారం మధ్యాహ్నం చీటీలు ముందేసుకుని కూర్చుంది. రేపు హాల్లో అందరి ముందూ ఆయన ముఖం మాడిపోతుందని తెలుసు. ఇంటికొచ్చాక వారం రోజులు మాటలుండవనీ తెలుసు. ఉండకపోతే పోనీ అనుకుంది. నలభై చీటీల మీద, ఆయన పేరు కింద, మూడో వరస రాసింది. "కడిగినది: ఎల్మీనా."

గోళీసోడా చీటీ ఆఖరున తీసింది.

"కడిగినది: ఇయాంతీ గిట్టెన్స్, ముప్పై ఒక్క ఏళ్లు. లోపలి గీతలు ఆవిడ చేతివి."