నాలుగో కొక్కెం

2003 నవంబర్ 22, శనివారం. ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్. వాయవ్యపు గాలి గంటకు పద్నాలుగు మైళ్ళు. నేల మీద రెండంగుళాల మంచు. అమెరికా ఉత్తరపు కొసన సుపీరియర్ సరస్సు మీద మబ్బు కదలక మెదలక ఉంది. సైమా హేకిలా ఈ వివరాలను ఎక్కడా రాసుకోలేదు. రోడ్లమీద మంచు తోసే లారీలను పంపే ముందు వేళనూ వాతావరణాన్నీ పుస్తకంలో ఎక్కించడం కౌంటీ కార్యాలయంలో పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం కనుక, చేతిలో కుంచె ఉన్నా మనసు ఆ పనిని తనంతట తానే చేసిపెట్టింది. తరువాత ఆ ఉదయాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా ముందు ఈ అంకెలు వచ్చేవి. వాటి వెనుక అత్తగారి గొంతు వచ్చేది.

ఆమె, ట్రక్కు వెనుక తగిలించి లాగే కొత్త ట్రైలర్ లోపల ఉంది. నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న, ముక్కు కోసుగా తేలిన తెల్లటి ట్రైలర్ అది. ముక్కుతో కలిపి ఇరవై ఎనిమిది అడుగులు. మంచుమీద ఇంజనుతో పరుగెత్తే మంచుబండ్లు నాలుగు పడతాయని కొన్నారు. మగవాళ్ళు ముగ్గురూ, అంటే భర్త డేల్, కొడుకులు ఎరిక్, కైల్, జింకల వేటకని వారం కిందట అడవిలోని గుడిసెకు వెళ్ళారు. ఆదివారం సాయంత్రానికి గాని రారు. వాళ్ళు వచ్చేలోగా లోపలి పనులు ముగించాలని సైమా పూనుకుంది. నేలచెక్కలకు నీరు ఇంకని పూత వేసింది. బండ్ల ముందుండే జారుపట్టాలు చెక్కను కొరికెయ్యకుండా ప్లాస్టిక్ పట్టీలు దిగగొట్టింది. బండ్లను బిగించే కడ్డీలు, తడిసిన చేతితొడుగులు ఆరేసే అర, పెట్రోలు డబ్బాలకు ఇనుప చట్టం, పొగ పోయే కంత అమర్చింది. చివరకు మిగిలినవి గోడకున్న కొక్కేలు. ఎవరి శిరస్త్రాణం ఎవరిదో తెలియక ప్రతి శనివారం కొట్లాటే కనుక, ఒక్కొక్క కొక్కెం మీద నీలిరంగుతో ఒక్కొక్క పేరు రాస్తోంది.

"అమ్మాయ్, కాఫీ చల్లారిపోతోంది. నువ్వు దిగుతావా, నన్ను ఎక్కమంటావా?"

అత్తగారు లెంపి. ఎనభై ఒకటో ఏడు. చంకలో ఏలకుల రొట్టె, చేతిలో ఫ్లాస్కు. ఆమె పాత ఇల్లు రెండువందల గజాల అవతల.

"మెట్టు తడిగా ఉంది అత్తయ్యా, చూసి ఎక్కండి."

"పుట్టిన నాటినుంచి మంచుమీద నడుస్తున్నదాన్ని, నీ మెట్టుకు జారిపడతానా ఏం!" అంటూనే గోడ పట్టుకొని ఎక్కింది లెంపి. కళ్ళజోడు పైకెత్తి, కొత్త పెళ్ళివారిల్లు చూసినట్టు నాలుగు వైపులా చూసింది. తరువాత గోడమీది అక్షరాలను బడిపిల్లలా బిగ్గరగా చదివింది.

"డేల్. ఎరిక్. కైల్. భోజనం."

ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వింది. "ఎవరమ్మా ఈ భోజనం? మన చుట్టాలేనా?"

సైమా కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుంచె కొసనుంచి రంగు బొట్టు బూటు మీద పడింది; రెండోదీ పడింది. ఆమె కుంచెను పక్కకు తిప్పలేదు. నాలుగో కొక్కెం తనది. ఆగస్టులో కాగితం మీద గీసిననాటినుంచీ తనది. దానిమీద తన చేతితో, తన నీలిరంగుతో, పొందికైన తన అక్షరాలతో, మరొకరెవరూ దగ్గర లేని వేళ, ఆమె భోజనం అని రాసుకుంది. ఆ అక్షరాలు ఇంకా తడి ఆరలేదు.

"ఏమైందే? పాలిపోయావేం?" అంది లెంపి.

సైమా జేబులోంచి ట్రైలర్ నమూనా గీసిన గళ్ళకాగితాన్ని తీసి విప్పింది. కార్యాలయంలో ఏ తూము ఎప్పుడు పూడిందో, ఎందుకు పూడిందో పై అధికారులు అడిగితే ఆమె కాగితాల వెంట వెనక్కి నడిచి, తప్పు ఎక్కడ మొదలైందో పట్టిచ్చేది. ఇప్పుడూ అలాగే వెనక్కి నడిచింది.

ఇరవై రెండు శీతాకాలాలు. పెళ్ళయిన నాటినుంచి ప్రతి శనివారం మగవాళ్ళు ఒక ఊళ్ళో మంచుబండ్లెక్కి అడవిదారిన అరవై డెబ్భై మైళ్ళు వెళ్ళి మరో ఊళ్ళో తేలేవారు. వాళ్ళు బయలుదేరగానే సైమా ట్రక్కును చుట్టుదారిన తోలుకెళ్ళి, కాపర్ హార్బర్ లోనో ఇంకెక్కడో, ఇంజను ఆపితే చలి, ఆపకపోతే చమురు దండగ అనే ఆలోచనతో గంటలు గంటలు ఎదురు చూసేది. తెల్లవారుజామునే లేచి మాంసమూ దుంపలూ కూరి కాల్చిన పాస్టీలు తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకొనేది. అవి వాళ్ళు వచ్చేదాకా వేడిగా ఉండటానికి. తన ఒళ్ళు కూడా అందుకే ఉన్నట్టు. "సైమా ఉండగా మాకేం బెంగ!" అనేవాడు డేల్ మిత్రులతో. ఆ మాటను ఆమె చాలా ఏళ్ళు మెప్పుగానే దాచుకుంది.

తండ్రి చనిపోతూ తన పాత మంచుబండిని ఆమెకు వదిలాడు. 1979 నాటిది, నీలిది, తాడు లాగి రగిలించాలి. పెళ్ళికి ముందు దానిమీదే గడ్డకట్టిన సరస్సు దాటి తండ్రితో చేపలకు వెళ్ళేది. ఫిబ్రవరిలో తనకు యాభై నిండుతాయి. ఆ శీతాకాలం తానూ ఎక్కుతానని ఆగస్టులో చెప్పింది. డేల్ వద్దనలేదు. "చూద్దాంలే" అన్నాడు. ఆమె గళ్ళకాగితం మీద నాలుగు గడులు గీసి, నాలుగు పేర్లు రాసి, కింద తేదీ వేసింది.

ట్రైలర్ ఎంచడానికి అమ్మకం యార్డుకు వెళ్ళినప్పుడు యజమాని నార్బర్ట్ రెండు రకాలు చూపాడు. ఒకదానికి వెనుక మాత్రమే తలుపు. మరొకదానికి ముక్కు దగ్గర కూడా వాలుతలుపు. వెనుకనుంచి ఎక్కించిన బండి ముందునుంచి నేరుగా దిగిపోతుంది. సైమా ఆ రెండోదాని దగ్గర నిలబడింది.

"మా వాటికి రివర్సు గేరుంది. ముందు తలుపు దేనికి, చలి దూరడానికా?" అన్నాడు డేల్.

"మరి నాలుగోదో?" అన్నాడు నార్బర్ట్ కాగితం చూస్తూ.

"అదా! అది బండి కాదు బాబూ, మ్యూజియం. మా ఆవిడ అప్పుడప్పుడూ దుమ్ము దులుపుతుంది."

ఇద్దరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వెనుక తలుపు మాత్రమే ఉన్నది కొన్నారు.

ఆ తరువాత జరిగినదంతా న్యాయంగానే జరిగింది. ముందు తలుపు లేదు కనుక బండ్లన్నీ వెనక్కే దిగాలి. తన బండికి రివర్సు లేదు కనుక ఇద్దరు మనుషులు తోక పట్టి ఎత్తి లాగాలి. ప్రతిసారీ ఎవరిని బతిమాలుతాం? కనుక దాన్ని ఈ ఏటికి కొట్టంలోనే ఉంచుదాం. నాలుగో చోటు ఖాళీగా ఉండటం దండగ కనుక అక్కడ ఒక బల్ల వేద్దాం. బల్ల ఉన్నాక చిన్న పొయ్యి. పొయ్యి ఉన్నాక గిన్నెల సంచి. సంచి ఉన్నాక దానికొక కొక్కెం. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ నడుమ అన్యాయమన్నది వెంట్రుకవాసి కూడా లేదు. మెట్లన్నీ దిగి చూస్తే మాత్రం తాను లేదు. గళ్ళకాగితంలో నాలుగో గడిలోని పేరు రబ్బరుతో చెరిపి ఉంది. పక్కన తేదీ, అక్టోబర్ 26, తన దస్తూరీ. మార్చినప్పుడల్లా తేదీ వెయ్యడం ఆఫీసు అలవాటు. డేల్ ఆ కాగితాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. వేరెవరైనా చెరిపేసి ఉంటే పోట్లాడేది. చెరిపిన చేతిలోనే కుంచె ఉంది.

ఇది చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "నా పేరు రాద్దామనుకున్నానత్తయ్యా" అని మాత్రం అంది.

లెంపి మళ్ళీ గోడవైపు చూసింది. నవ్వు మొహం మీదే ఉంది కాని అందులో మనిషి లేదు. ఫ్లాస్కు కింద పెట్టి ఆ కొత్త బల్లమీద కూలబడింది.

"మా సౌనాలో తలుపు పక్కన ఒక పలక ఉంటుంది, చూశావా?"

చూడకేం! ఆవిరి స్నానాల గది అది. శనివారం సాయంత్రం మొదటి వేడి మగవాళ్ళది. వాళ్ళు బయటికొచ్చి బీరు తాగుతుంటే పిల్లలు. రాళ్ళు చల్లబడ్డాక, మిగిలిన వేడినీళ్ళతో వారంపాటు మాసినవన్నీ ఉతుక్కుంటూ ఆడవాళ్ళు.

"నేను కాపురానికొచ్చిన ఏడు మా మామగారు ఆ పలకమీద వరసలు చెక్కించారు" అంది లెంపి. "మగవాళ్ళు. పిల్లలు. బట్టలు."

సైమా ఆమెవైపు చూసింది.

"అవునే. బట్టలు. అంటే మేమే. మా అత్తగారు, ఆడపడుచులు, నేను. యాభై తొమ్మిదేళ్ళనుంచి ఆ పలక కిందే గుడ్డలు విప్పుకుంటున్నాను. చదవడం రాకనా? ఇందాక నీ గోడ చూసి నవ్వానే, అప్పుడు..." ముసలామె అరచేత్తో నోరు మూసుకుంది. "అమ్మా! అప్పుడు గాని అది చదవలేదే నేను!"

బయట గాలికి తలుపు గొలుసు గోడకు కొట్టుకుంటోంది. కాఫీ ఎవరూ తాగలేదు.

మొదట కదిలింది సైమా. నాలుగో కొక్కెం మీది తడి అక్షరాలను తుడవబోయింది, తుడవలేదు. ఆరనిచ్చింది. ఆరాక వాటిమీదే ఒక పూత తెల్లరంగు వేసి, ఆ పైన తన పేరు రాసింది. తరువాత స్క్రూలు విప్పి బల్ల తీసేసింది, పొయ్యి తీసేసింది. నాలుగో జత పట్టీలు నేలకు బిగించింది. లెంపి స్క్రూలను ఖాళీ కాఫీ డబ్బాలో ఏరుతూ కూచుంది. మధ్యాహ్నం మూడున్నరకు సైమా యార్డుకు ఫోన్ చేసింది.

"గోడలకు ఇన్ని బెజ్జాలు పెట్టాక వాపసు తీసుకోను తల్లీ" అన్నాడు నార్బర్ట్.

"వాపసు అడగలేదు. ముక్కు కోసి వాలుతలుపు పెట్టాలి."

"పెట్టొచ్చు. చట్రానికి ఇంకో కమ్మీ అతకాలి, రెండు వారాలవుతుంది. డేల్‌ను ఒకమాట..."

"తోలుకొచ్చేది నేను. కొలతలు నావి. మీరు పెన్సిలు తీసుకోండి."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి, చినుకుల్లాంటి సన్నమంచులో, మగవాళ్ళు జింక మాంసంతో దిగారు. ఎరిక్ ట్రక్కులోంచి దిగుతూనే డేల్ వాకిలంతా కలయజూశాడు.

"ట్రైలరేదీ?"

"యార్డులో. ముక్కుకు తలుపు పెట్టిస్తున్నాను."

"ఎవరినడిగి?"

"నన్నే. మూడు నెలలుగా నన్ను నేను అడగలేదని నిన్ననే తెలిసింది."

డేల్ చెడ్డవాడు కాడు. ఇరవై రెండేళ్ళలో గొంతు పెంచింది తక్కువ. పెంచవలసిన అవసరం రాకపోవడమే దానికి కారణమని ఆ క్షణంలో సైమాకు తోచింది. వంటగది గోడమీద ఆమె అంటించిన కాగితం చదువుతూ చిన్నవాడు కైల్ అడిగాడు.

"ఇదేంటమ్మా? మొదటి శనివారం నాన్న, రెండు అన్న, మూడు నేను, నాలుగు నువ్వు. ఏం వంతులివి?"

"ట్రక్కు తోలే వంతులు. ఎవరి వారం వాళ్ళు చుట్టుదారిన వెళ్ళి ఎదురు చూడాలి. మిగిలిన ముగ్గురూ మంచుబండ్లెక్కుతారు."

"ఎదురు చూస్తూ ఏం చెయ్యాలి?"

"నేనేం చేశానో అది."

డేల్ నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అతని గొంతులో ఎగతాళి ఇసుమంతైనా లేదు. "అది సరే సైమా, మరి భోజనం?"

మూలన కుర్చీలో అల్లుకుంటున్న లెంపి చేతులాపింది. "ఈ ఏడు భోజనం కూడా బండెక్కుతుందట్రా!" అంది.

మగవాళ్ళకు అది అర్థం కాలేదు. సైమా గోడకు ఆనుకొని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

జనవరి మొదటి శనివారం వంతు డేల్‌ది. సైమా పాత నీలిబండి ట్రైలర్ ముక్కులోంచి వాలుతలుపు మీదుగా, ఎవరూ తోక పట్టకుండా, మొట్టమొదట దిగింది. అయిదు గంటల తరువాత కాపర్ హార్బర్‌లో ట్రక్కు అద్దం మీద పొగమంచు తుడుస్తూ కనబడిన డేల్ ముక్కు ఎర్రబడి ఉంది. కొట్లో కొన్న పాస్టీలు వాళ్ళు వచ్చేసరికి చల్లారిపోయాయి.

"ఇవి వేడిగా ఎలా ఉంచేదానివి?" అన్నాడు.

"ఒడిలో పెట్టుకుని" అంది.



లెంపి 2009 మార్చిలో చనిపోయింది. సౌనా తలుపు పక్కన పలక అలాగే ఉంది. మూడో వరసలో బట్టలు అనే మాట కింద లెంపి తన అత్తగారితో మొదలుపెట్టి, వణికే చేతితో పెన్సిలుతో రాసిన అయిదు పేర్లు ఉన్నాయి: మార్తా, ఇంపి, సెన్యా, లెంపి, సైమా.