పచ్చ ఐసు ముక్కలు

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కు మాటలు అర్థమవుతాయని నేనెవరికీ నోటితో చెప్పలేదు. ఒక కాగితం అంటించానంతే. ‘ఈ లిఫ్ట్ ఇకనుంచి గొంతుతో పనిచేస్తుంది. వెళ్లాల్సిన అంతస్తు పేరు స్పష్టంగా, మర్యాదగా చెప్పండి’ అని రాశాను. కొండాపూర్‌లో మనిషికో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అసోసియేషన్ సెక్రటరీ కనకలక్ష్మి ఆంటీ లోపల నిలబడి తెలుగులో అడిగారు, ఇంగ్లీషులో అడిగారు, చివరికి హిందీలో బతిమాలారు. ఈ లిఫ్ట్‌కు సంస్కారం లేదని తేల్చి మెట్లెక్కారు. మా నాన్న యజ్ఞనారాయణ గారు నీటిపారుదల శాఖలో ఇంజినీరు. ఆయన ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, పదిమంది ముందు, “మూడో అంతస్తు అండీ” అన్నారు.

ఆ ‘అండీ’ వల్ల నా బండి తాళం పోయింది.

తాళం మా అక్క ఉదయశ్రీ చేతికి చిక్కింది. అక్క హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తుంది. ఇతరుల పనిలో తప్పులు పట్టినందుకు ఆఫీసులో జీతం ఇస్తారు, ఇంట్లో మాత్రం ఉచితంగా చేస్తుంది. అప్పటినుంచి నేను కాలేజీకి బైక్ ట్యాక్సీ మీద వెళ్తున్నాను. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ముక్కూ మొహం తెలియని అన్న వీపుకు దూరంగా వంగి కూర్చుని కూర్చుని నా వెన్నెముక ప్రశ్నార్థకంలా తయారైంది. డాక్టర్లు చూస్తే పాఠ్యపుస్తకంలో వేసుకుంటారు.

శనివారం అక్క నా గదిలోకి వచ్చి తాళం గాల్లో ఊపింది.

“రేపు శ్యామ్ వాళ్ల అమ్మానాన్న భోజనానికి వస్తున్నారు. రాగానే చల్లగా తాగడానికి ఏదైనా నువ్వు చెయ్యి. నీ వేషాలేమీ లేకుండా వాళ్లు భోంచేసి వెళ్తే తాళం నీది.”

“లేకపోతే?”

“బండి అమ్మేసి నాన్న నీకు సైకిల్ కొంటారట. వెనక క్యారేజీ ఉన్నది.”

శ్యామ్ బావతో అక్క పెళ్లి ఖాయమైంది. కానీ రెండు కుటుంబాలకూ ఇంకా మాట కలవలేదు. మేం కాకినాడ నుంచి వచ్చినవాళ్లం, వాళ్లది సిద్దిపేట. ఇప్పటికి రెండుసార్లు కలిశారు. మొదటిసారి ఎండల గురించి మాట్లాడుకున్నారు. రెండోసారి ఎండలు ఇంకా ఉన్నాయని ధ్రువీకరించుకున్నారు. మూడోసారి కూడా ఇలాగే అయితే పెళ్లిమండపంలో వాతావరణ శాఖవాళ్లను కూర్చోబెట్టుకోవాలని అక్క దిగులు.

కాబట్టి నేను మాటిచ్చాను. ఆ మాట మీద నిలబడ్డాను కూడా. ఇది ఎవరూ నమ్మరని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఆ రాత్రే పుదీనా ఆకులు నిమ్మరసం, పంచదారతో కలిపి రుబ్బి, వడగట్టి, ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున్నే పుచ్చకాయ కోసి, గింజలు ఏరి, మిక్సీలో తిప్పి జల్లెడ పట్టాను. అందులో నల్లద్రాక్ష రసం, చిటికెడు నల్లుప్పు కలిపాను. గ్లాసుల అంచులకు నిమ్మచెక్క రుద్ది ఉప్పు అద్దాను. పైన సోడా, లోపల పచ్చ ముక్కలు వేస్తే అయిపోతుంది. ఎర్రటి రసంలో పచ్చటి ఐసు తేలుతుంటే చూసినవాడి దాహం, చూడనివాడి దాహం కలిపి తీరిపోవాలి.

“ఒరేయ్, ఐసు ట్రే నాకు కావాలి. నీ ముక్కలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లోనే పెట్టాను, చూసుకో” అంది అమ్మ, కోడికూరకు ఉల్లిపాయలు తరుగుతూ. అమ్మ పేరు పుణ్యవతి. ఆవిడకూ ఉద్యోగమే.

ఫ్రీజర్‌లోంచి ఐస్‌క్రీమ్ డబ్బా తీశాను. మా ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బా అంటే ఒకప్పుడు అందులో ఐస్‌క్రీమ్ ఉండేదనడానికి గుర్తు మాత్రమే. మూత తీస్తే పచ్చ ముక్కలు, మరకతాల్లా మెరుస్తున్నాయి. గ్లాసుకు మూడేసి వేశాను. సోడా పోశాను.

అప్పటికే వాళ్లు వచ్చేశారు. శ్యామ్ బావ నాన్న సాయిలు మామయ్య ఐటీ కంపెనీ ఉద్యోగులను తీసుకెళ్లే బస్సు నడుపుతారు. తెల్లచొక్కా, గంభీరమైన మీసం. జేబులోంచి బస్సు తాళం తీసి బల్ల మీద పెట్టారు. దృష్టి తగలకుండా దానికో ప్లాస్టిక్ నిమ్మకాయ, ప్లాస్టిక్ మిరపకాయలు వేలాడుతున్నాయి. వసంత అత్తయ్య సకినాల డబ్బా తెచ్చింది. శ్యామ్ బావ భయం తెచ్చుకున్నాడు.

మామయ్య నన్ను ఎగాదిగా చూశారు. “లిఫ్టుతోని మాట్లాడిపిచ్చింది నువ్వేనా?”

“నేనే మామయ్యా.”

“మా బస్సుకు గూడ ఒక కాగితం అంటియ్యరాదు? కొత్తగూడ చౌరస్తల గొంతు పోయేదాక మొత్తుకుంటున్న, కదుల్తనే లేదు.”

ఆయన ముఖంలో ఒక్క వెంట్రుక కూడా నవ్వలేదు. నాకెందుకో మా కులవృత్తివాడే ఎదురుపడ్డట్టు అనిపించింది.

అక్క ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లింది. నేను వంటింట్లోనే ఉండి చెవి అటు వేశాను.

“ఎండలు బాగా ఉన్నాయండి” అన్నారు నాన్న.

“ఉన్నయండి” అన్నారు మామయ్య.

తర్వాత ఫ్యాన్ మాత్రమే మాట్లాడింది.

ఇంతలో అమ్మ కూర రుచి చూసి, గరిటెను అనుమానంగా చూసింది. “ఈ కూర తియ్యగా ఉందేంట్రా?”

“ఏమేశావమ్మా?”

“నా కారం ముక్కలే. నాలుగేశాను. కారం లేదని ఇంకో నాలుగేశాను. వేసేకొద్దీ పాయసంలా అవుతోంది.”

అమ్మకు ఒక అలవాటు ఉంది. పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలిపి రుబ్బి, ఐసు ట్రేలో గడ్డకట్టించి దాచుకుంటుంది. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో కూరలో రెండు ముక్కలు పడేస్తే చాలు. ఆ ముక్కలు కూడా పచ్చగానే ఉంటాయి. అవి కూడా ఐస్‌క్రీమ్ డబ్బాలోనే ఉంటాయి. పొయ్యి పక్కనున్న డబ్బా అందుకుని వాసన చూశాను. పుదీనా.

అమ్మ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను.

“మరి నువ్వు గ్లాసుల్లో వేసినవి...”

హాల్లోకి నేను పరిగెత్తిన వేగానికి క్యాలెండర్‌లో రెండు నెలలు తిరిగిపోయాయి.

“తాగకండి! అందులో పచ్చిమిర్చి ముక్కలున్నాయి!”

అందరూ ఆగిపోయారు. అక్క నన్ను చూసి, నా బండి తాళాన్ని గుప్పిట్లో బిగించింది. సాయిలు మామయ్య నింపాదిగా ఒక గుక్క తాగారు. ముక్కలింకా కరగలేదు కదా, ఆయనకు తగిలింది పుచ్చకాయే.

“మస్తున్నది. ఏం పచ్చిమిరపకాయ? తర్బూజ గిది.”

వసంత అత్తయ్య నవ్వింది. “మమ్ముల పరేషాన్ జేద్దామనుకున్నవా కొడుకా? శ్యామ్ అన్నీ జెప్పిండు.”

“నిజం అత్తయ్యా! అమ్మతోడు!”

“లిఫ్ట్ కాగితం నువ్వు అంటియ్యలేదని గూడ అమ్మతోడే అన్నవ్ గద” అన్నాడు బావ, గ్లాసు ఎత్తుతూ.

“వాడి మాటలు పట్టించుకోకండి బావగారూ, తాగండి” అని నాన్న మర్యాద కోసం సగం గ్లాసు ఒకేసారి తాగేశారు.

నేను పుట్టి పెరిగాక చెప్పిన మొదటి నిజం హాలు మధ్యలో దిక్కులేక నిలబడింది.

ఐసు తన పని తాను చేసుకుంటూ పోయింది. ముందు శ్యామ్ బావ ముఖం ట్రాఫిక్ సిగ్నల్‌లా ఒక్కో రంగూ మారి ఎరుపు దగ్గర ఆగిపోయింది. “ఫోన్ వచ్చింది” అంటూ బాల్కనీలోకి వెళ్లాడు. ఫోన్ సోఫాలోనే ఉంది. అక్కడ నోరు తెరిచి గాలి వచ్చే వైపు తిరిగి నిలబడ్డాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క తన గ్లాసు పూలకుండీలో వంపేసి, పూలకుండీ వైపు జాలిగా చూసింది.

నాన్నలిద్దరూ మాత్రం గ్లాసులు దింపలేదు. ఒకరు దింపితే రెండోవాళ్లకు అవమానం. ఒకరి గుక్కకు మరొకరి గుక్క.

“ఎండలు... ఎక్కువే అండి” అన్నారు నాన్న. నుదుటి మీద చెమట కాలువలు కట్టింది. ఆయన శాఖ ఇన్నేళ్లలో అన్ని కాలువలు తవ్వి ఉండదు.

“ఏసీ నడుస్తున్నది గద బావగారు?”

“ఏసీలోనే అండి ఎండ.”

మరో గుక్క. మరో గుక్క.

“కండ్లల్ల నీళ్లేంది బావగారు?” అడిగారు మామయ్య, తన కళ్లు కూడా తుడుచుకుంటూ.

“సంబంధం కుదిరిన ఆనందమండి.”

“నాకు గూడ గదే ఆనందం. చెవులల్లకెల్లి వస్తున్నది.”

నాన్న ముందు దగ్గారు. ఆ దగ్గు మధ్యలో నవ్వుగా మారింది. మామయ్య మీసం మొదటిసారి వణికింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుకు ఎక్కడో తెల్లాపూర్‌లో కుక్కలు లేచి ఉంటాయి.

అత్తయ్య నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, అమ్మ కూర రుచి చూసి, విషయమంతా విన్నది. “నీ కారమేమో ఆళ్ల గ్లాసుల్ల పడ్డది, నీ కొడుకు తీపేమో కూరల పడ్డది. అటుది ఇటు జేస్తే అయిపాయె వదినా” అంటూ డబ్బాలో మిగిలిన కారం ముక్కలు కూరలో వేసింది. నిమ్మకాయలు, మిరియాలు కావాలంది. అమ్మ, అత్తయ్య ఆ పొయ్యి ముందు అరగంటలో మాట్లాడుకున్నంత మా ఇంట్లో ఏడాదిలో ఎవరూ మాట్లాడలేదు.

హాల్లో నా విచారణ మొదలైంది.

“ఏం దిమాగ్ రా నీది!” అన్నారు మామయ్య. “ముందుగాల నిజం జెప్పి, మేం నమ్మకుంట జేసి, మా చేతులతోనే తాగిపిచ్చినవ్. గింత పకడ్బందీగ ఎవ్వనికి తోచది.”

“నేను చెయ్యలేదు మామయ్యా. డబ్బాలు మారిపోయాయి.”

“ఒప్పుకోరా” అన్నారు నాన్న. కట్టి పూర్తిచేసిన ఆనకట్టను చూసినట్టు నన్ను చూస్తున్నారు. నా ఇరవయ్యేళ్లలో ఆ చూపు నాకెప్పుడూ దొరకలేదు, మార్కుల రోజున కూడా.

అక్క గుప్పిట్లో తాళం ఉంది. కాదంటే నమ్మరు. ఔనంటే సైకిల్, వెనక క్యారేజీ. కానీ ఇంత గొప్ప పని జరిగిపోయి, దానికి కర్త లేకపోతే చరిత్ర ఏమవుతుంది?

“సరే. నేనే చేశాను” అన్నాను.

అక్క పకపకా నవ్వింది. అమ్మ అప్పటికే అక్క చెవిలో అసలు సంగతి చెప్పేసింది మరి. మామయ్య చెయ్యి చాచారు. “చూసినవా బిడ్డా? నిజం ఒప్పుకున్నడు. నిజం జెప్పినోనికి శిక్షేంది? తాళం ఇటియ్యి.” అక్క ఇచ్చేసింది. ఆయన బల్ల మీద ఏదో సర్దుకుని, నాన్న వైపు ఒకసారి చూసి, నా అరచేతిలో తాళం పెట్టి వేళ్లు మూశారు.

“జర ఉరికి పెరుగు పట్కరా అల్లుడా. నోరు మండుతున్నది.”

చూసుకోకుండా మెట్లు దిగి ఉరికాను. బండి మీద దుమ్ము తుడిచాను, సీటు మీద ముద్దు పెట్టాను, తాళం దూర్చాను. దూరలేదు. తిప్పి దూర్చాను. బండి నన్ను గుర్తుపట్టనట్టే ఉంది. అప్పుడు గుప్పిట విప్పి చూశాను. ప్లాస్టిక్ నిమ్మకాయ, దాని కింద ప్లాస్టిక్ మిరపకాయలు.

తల ఎత్తాను. మూడో అంతస్తు బాల్కనీలో సాయిలు మామయ్య నా బండి తాళం వేలికి తిప్పుతున్నారు. పక్కనే, పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఆటపట్టించని యజ్ఞనారాయణ గారు కడుపు పట్టుకుని వంగిపోయారు.

“నాన్నా! తాళం కింద పడెయ్యండి!”

“పైకొచ్చి తీసుకో రా!” అని అరిచారు నాన్న. “లిఫ్ట్‌ను అడుగు! మర్యాదగా!”

లిఫ్ట్‌లోకి వెళ్లి నిలబడ్డాను. మీటకు చెయ్యి దూరంగా పెట్టుకున్నాను. ఓడిపోయినవాడికి కూడా ఒక పద్ధతి ఉంటుంది కదా.

“మూడో అంతస్తు అండీ” అన్నాను.

తలుపు మూసుకుంది. పైన ఎవరో మీట నొక్కి ఉంటారు, లిఫ్ట్ కదిలింది.