నూనె తగిలిన కడియములు

వర్షావసానమున ధౌతవస్త్రమువలె నిర్మలమైన నీలాకాశము పూర్వగిరిశిఖరపంక్తిపై పరచుకొనగా, కొండవాగుల కెంజాయనీరు దినదినమునకు తేటపడుచుండగా, గట్లవెంట రెల్లుపూల తెల్లని కుచ్చులు మందమారుతమునకు తలలూచుచుండగా, పొట్టకు వచ్చిన వరిచేల పచ్చిపాలవాసన ప్రభాతహిమముతో కలసి కోటముంగిలివరకు వ్యాపించుచున్న శరత్కాలమున ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు నందిగరువు జమీందారైన నీలాద్రి భూపతి చెన్నపట్టణమునుండి వచ్చిన యొక చెక్కపెట్టెను సింహద్వారపు అరుగుపై తెరపించి అందలి వస్తువుల నవలోకించుచు కూర్చుండెను.

ఆ పెట్టెలో నొక దుర్భిణియు దానిని రైఫిలుపై నిలుపుటకు మూడు విధముల ఉక్కు ఉంగరములును వాని పీఠములును ఉండెను. పితృదత్తమైన ఆ రైఫిలుతో ఇరువదియేండ్లు గురితప్పక వేటలాడిన భూపతికి దుర్భిణితో నేల పనికలిగెనని పరిజనులు విస్మయపడిరి. కారణ మాతడొక్కడే యెరుగును. నలువదియైదవయేడు దాటినది మొదలు గొట్టపుకొనయందలి గురిగింజ ఆతని కన్నులకు మంచులోని చుక్కవలె చెదరిపోవుచుండెను. ఈ దృష్టిలోపమును రాణిగారికి సైతము తెలియనీయక దాచికొనిన యాతనికి ఆ యేడు దాచరాని యవసర మొకటి సంప్రాప్తమయ్యెను. ఆషాఢము మొదలుకొని యొక చిరుతపులి కొండగూడెములలో ముగ్గురు మనుష్యులను చంపియుండగా గూడెములవారు వచ్చి పాదములపై పడినప్పుడు, విజయదశమినాటి పారువేటలో దానిని తన చేతితోడనే కూల్చెదనని సభాముఖమున ప్రతిజ్ఞ చేసియుండెను.

ఉంగరముల నేర్పరచుటకు పిలిపింపబడిన లక్కోజు సన్యాసాచారి మూడు తరములనుండి ఆ సంస్థానపు ఆయుధములను బాగుచేయు వంశమువాడు. ఆతడు వానిని కడియములనుచు ఒక్కొక్కదానిని వ్రేలికి తొడిగి వెలుతురునకెత్తి లోని నునుపును పరీక్షించి మొదటి జతను ప్రక్కకు నెట్టెను. అవి దుర్భిణిని బెత్తెడెత్తున నిలుపునవి.

"ఇవొద్దు బాబూ. దుర్భిణి అంతెత్తునుంటే సెంప తుపాకి మడమకట్టె మీద ఆనదు. కొంగలాగ మెడ సాసుకుని ఎంతసేపు గురి సూస్తారు?"

ఆ పోలికకు భూపతియు నవ్వెను. రెండవజత పొట్టివి. దుర్భిణిని గొట్టమునకు తమలపాకుమందము దూరమున కూర్చుండబెట్టి నాలుగేసి మరలతో బిగించునవి. ఆచారి వానినే మెచ్చి ఒకమారు బిగించినచో తన తరమునకు విప్పనక్కరలేదని విన్నవించెను. మూడవజత పొట్టివే యయ్యును మరలకు బదులు చెవులవంటి చిన్న పిడులు కలిగి బొటనవ్రేలితో త్రిప్పిన మాత్రమున తెరచుకొనుచు మూసికొనుచునుండెను. భూపతి చూపు వానిపైననే నిలిచెను.

అందులకు ఆతడు చెప్పిన హేతువు కులాచారము. నందిగరువు కోటలో మహానవమినాడు ప్రతియాయుధమును అంగాంగములుగా విడదీసి అమ్మవారియెదుట నువ్వులనూనెయు పసుపును పూసి పూజించుట అనూచానముగా వచ్చుచున్నది. విప్పరాని యాయుధము పూజకు తగదు. చెప్పని హేతువు మరియొకటి గలదు. అతిథులముందు ఆ పిడులను త్రిప్పి మూయుట యెంత సొంపుగా నుండునో ఆతడప్పుడే మనసులో చూచికొనియుండెను.

"సేత్తో ఇప్పేది సేత్తోనే వదులవుతాది బాబూ" అని ఆచారి కొంతతడవు తల గోకికొని, ప్రభువు మనసు మరలదని గ్రహించి, మూడు నియమములమీద సమ్మతించెను. విప్పినను బిగించినను తన్నే పిలువవలెను. కడియము లోపల నూనెచుక్క తగులరాదు. తగిలినచో తుపాకి తన్నుపోటుకు దుర్భిణి లోలోన జారును. మరల బిగించిన పిమ్మట చెక్కపలకపై మూడు గుండ్లు పేల్చి గురి సరిచూచికొనవలెను.

"అలాగే ఆచారీ. నువ్వు లేకుండా దానిమీద చెయ్యి వెయ్యను" అని భూపతి మాటయిచ్చెను.

ఆచారి నాలుగుదినములు శ్రమించెను. కడియముల లోపలిభాగమును మెత్తని రాతిపొడితో నూరి, పొడిబూడిదతో తుడిచి, రెండు కడియములలోనుండి తిన్ననైన కమ్మి నొకదానిని దూర్చి అవి యొకే సూటిని నున్నవని నిర్ధారించుకొని దుర్భిణిని బిగించెను. కోటవెనుక బయలులో నూరడుగుల దూరమున నిలిపిన పలకపై భూపతి పేల్చిన కడపటి మూడు గుండ్లును ఒక తమలపాకు చాటున కప్పవచ్చునంత దగ్గరగా తగిలెను. ఆ దినమున భూపతి తన కన్నులు తనకు తిరిగివచ్చినవని సంతసించెను.

మహానవమినాడు పొరుగు సంస్థానాధిపతు లిరువురు పూజకు విచ్చేసిరి. వారిలో బాల్యమిత్రుడొకడు రైఫిలుపైనున్న దుర్భిణిని చూచి పరిహాసముగా నడిగెను.

"ఏం భూపతీ, కళ్ళు ముసలివైపోయాయా? రేపు పులి కనపడకపోతే దానికి కబురు పంపుతావా?"

అందరును నవ్విరి. దాచికొనిన గాయముపై తెలియక మోపిన వ్రేలు తెలిసి మోపిన వ్రేలికంటె నొప్పించును. భూపతి లేచి రైఫిలునందుకొని బొటనవ్రేలి విసురుతో తాంబూలపుపెట్టె తెరచినట్లు పిడులు త్రిప్పి కడియములను విప్పి దుర్భిణిని చేతనెత్తి పట్టెను. అతిథులు శ్లాఘించిరి. ఆచారి యిల్లు కోటకు పిలుపుదూరముననే యుండెను. పిలుచుటకు బంట్రోతు ద్వారముననే నిలిచియుండెను. పిలిచినచో ఆ చేతినేర్పు ఆచారిదగును గాని తనది కాదు. అర్చకుడు నువ్వులనూనెలో వ్రేళ్ళుముంచి ప్రత్యంగమునకు పూయుచు కడియముల లోపలి యర్ధచంద్రాకారపు పల్లములకును పూసి పసుపు చుక్కలు పెట్టెను. ఇచ్చినమాట భూపతికి ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చెను. వచ్చియు పెదవి దాటలేదు. హారతి యయిన పిమ్మట ఆతడే దుర్భిణిని మరల కూర్చి పిడులు మూసెను.

పలకపై గుండ్లు పేల్చు నియమము మిగిలెను. అయితే పూజితమైన యాయుధపు తొలిదెబ్బ నిర్జీవవస్తువుపై తగులరాదను మరియొక యాచారము ఆ యింట గలదు. ఆచార మడ్డువచ్చినదని భూపతి తన్ను తాను సమాధానపరచుకొనెను. నిజమునకు ఆచార మాతని కడ్డురాలేదు, ఆశ్రయ మిచ్చినది.

దశమి ప్రాతఃకాలమున డప్పులమ్రోతతో మృగములను రేపుచు అడవి తట్టబడెను. భూపతి ప్రక్కన జాడపట్టు కొండదొర తెగవాడైన గెమ్మెలి బోడన్న రైఫిలు మోసికొని నడచుచుండెను. తొలుత పొదలనుండి వెడలిన అడవిపంది నొకదానిని భూపతి కొట్టెను. పంది పడినది గాని గుండు జబ్బవెనుక తగులవలసిన చోటికి నాలుగంగుళములు దూరమున తగిలియుండెను. బోడన్న వంగి గాయమును వ్రేళ్ళతో కొలిచెను.

"నాలుగంగుళాలు ఎనక్కి పోయింది బాబూ. తమరి సెయ్యి అలా పోదు. ఓ పాలి ఆ గొట్టాన్ని సూసుకోండి."

పంది కదలినదని మాత్రము భూపతి బదులు పలికి ముందునకు నడిచెను. కదలినది పంది కాదు. సరిగా కూర్చుండని దుర్భిణి తొలిగుండునే ప్రక్కకు పంపి, దాని తన్నుపోటుకు నూనెపూసిన పల్లములలో మరింత జారి కొంచెము ప్రక్కకు తిరిగియుండెను. కంటికి కానరాని ఆ చలనము నూరడుగులదూరమున జానెడగునని యెరిగినవాడు ఆ సమయమున తన కొలిమియొద్ద కూర్చుండియుండెను.

చిరుత రెండు బండలనడుమ అడ్డముగా కనబడి నిలిచెను. దుర్భిణిలోని అడ్డనిలువు గీతలు దాని భుజముపై స్థిరముగా నుండగా భూపతి మీటనొక్కెను. గుండు తుంటియెముకను విరిచెను. చిరుత అరచుచు ముండ్లపొదలలోనికి ప్రాకిపోయెను. గాయపడిన మృగపు రక్తపుజాడను ముందుగా పట్టవలసినది జాడకాడే గాన బోడన్న గొడ్డలి చేతబూని యడుగు ముందునకిడెను. పదియడుగులు పోకమున్నే చిరుత యాతనిపై దుమికి కుడిచేతిని మోచేతికడ నోటబట్టెను. భూపతి పరుగెత్తి దుర్భిణివైపు చూడనైన చూడక గొట్టపుకొనను దాని చెవికానించి పేల్చి చంపెను. గూడెములవారు జయధ్వానములు చేసిరి. పట్టణపు వైద్యశాలలో బోడన్న కుడిచేయి మోచేతివరకు తీసివేయబడెను.

ఎనిమిదవనాడు కోటముంగిట దివాను విచారణ జరిపెను. ప్రభువు చేయి తప్పదు గాన పనివాని చేయి తప్పియుండవలెనని ఆతని తర్కము. సన్యాసాచారి రైఫిలును మోకాళ్ళపై పెట్టుకొని కడియము తెరచెను. లోపల నువ్వులనూనె మిలమిలలాడుచుండెను. పసుపుచుక్క నలిగి పూతగా మారియుండెను. ఆచారి వ్రేలితో దానిని తాకి, తాకిన వ్రేలిని చూచి, పిమ్మట తలయెత్తి భూపతిని చూచెను. ఆ చూపులో నిందలేదు. ద్వారము తెరచి ప్రక్కకు తొలగి నిలిచినవాని నిరీక్షణ మాత్రముండెను. భూపతి కోటగోడపై వ్రాలిన పావురములవంక చూచుచుండెను. ఆచారి కడియమును మూసి తక్కినవారి కంటబడకుండ పంచెచెరగుతో తుడిచెను.

"పని నాదే బాబూ. తప్పూ నాదే" అనెను.

ఎవ్వరును మారుపలుకలేదు. భూపతియు పలుకలేదు. ఒక మనుష్యుని మూడుతరముల కీర్తి ఆ మౌనములో ముగిసెను.

పిదప జరిగినదంతయు ఆ మౌనపు ఫలమే. ఎవ్వరును ఆచారియొద్దకు తుపాకి తేలేదు. పిమ్మట నాగలికర్రు తేలేదు. మాఘమాసమున ఆతడు భార్య బంగారమ్మతో కొండదిగువ సంతయూరికి తరలిపోయెను. దివాను కొత్త పనివానిని నియమించెను. భూపతి రైఫిలు ముట్టలేదు. అది పశ్చాత్తాపమని జనులు కొనియాడిరి; ఆ కొనియాడుట కూడ ఆతడు విని యూరకుండెను. సిగ్గు తొలుత నిప్పువలె కాల్చును. దానిని కప్పిపెట్టినచో కాల్చుట మాని మనుష్యునితో కూడ భుజించుచు మనుష్యునితో కూడ శయనించుచు ఇంటిలోనివానివలె మెలగసాగును. భూపతికి అట్టిదయ్యెను.

వైశాఖమున నొకనాడు ఆతడొంటరిగా గూడెమునకు నడచి బోడన్న గుడిసె ముంగిట నిలిచెను. బోడన్న ఎడమచేతను పండ్లసాయమునను వెదురుబుట్టకు నార బిగించుచుండెను. భూపతి నవమినాటి వృత్తాంతమంతయు దాచక చెప్పెను. బోడన్న నారను నోటనుండి తీసి సావకాశముగా వినెను.

"నాకు ఆ పొద్దే అనుమానమేసింది బాబూ. తుపాకి మోసింది నానే గదా. నూవుల్నూని వోసన కొట్టింది. పూజ నూని పైన పూసుంటారనుకున్నాను" అని బుట్టను త్రిప్పుచు మరల ననెను. "నా సెయ్యి పులి తిన్నాది. ఆచారి పేరు ఎవులు తిన్నారు? సెప్పవలిసింది నాకు గాదు."

ఆ గురువారము సంత నిండుగా నుండెను. సన్యాసాచారి చింతచెట్టు నీడను కొలిమిపెట్టి కొడవళ్ళకు కక్కు కొట్టి పండ్లు తీర్చుచుండగా ఒక కాపు కొడవలి నందుకొని, "ఆచారీ, ఇది వరి కోస్తాదా, గురి తప్పి నా మోకాలు కోస్తాదా?" అని యెకసక్కెమాడెను. చుట్టునున్నవారు నవ్విరి. విని విని యలవాటుపడిన ఆచారి తలయెత్తలేదు. ఆ నవ్వులనడుమనే నీలాద్రి భూపతి వచ్చి కొలిమియెదుట నిలిచెను. నవ్వు లుడిగెను. బంగారమ్మ ఆతనిని చూచియు తిత్తి లాగుట మానలేదు.

"ఆచారీ, నిన్ను పిలవకుండా కడియాలు విప్పింది నేను. వాటిలో నూనె పూయించింది నేను" అని భూపతి మెల్లగా పలికెను.

ఆచారి కాలిన యినుమును త్రిప్పుచు, "తిత్తి మోతలో ఇనబళ్ళేదు బాబూ" అనెను.

వినబడెనో లేదో దైవమునకెరుక. భూపతి గొంతెత్తి మరల చెప్పెను. ఈమారు ఉప్పుబస్తాలయొద్దివారును గాజులమలారమువారును పశువుల నమ్మువారును విని మెల్లగా దరిచేరిరి. విప్పినది తాననియు, మాటతప్పినది తాననియు, బోడన్న హెచ్చరించినను విననిది తాననియు, నిండుసభలో తప్పు నొరునిపై పడుచుండగా పావురములను చూచుచు కూర్చున్నది తాననియు ఆతడు వరుసతప్పక చెప్పెను. చెప్పుటకు పెక్కుమాటలు పట్టలేదు. ఆ స్వల్పవాక్యములు ఏడుమాసములు ఆలస్యమైనవని వినువారందరికిని తోచెను.

అప్పుడు ఆచారి చేసైగతో తిత్తి నాపించెను.

"ఆ దినం తప్పు నాదన్నాను. తమరు కాదంటారని అన్నాను బాబూ. ఊపిరి బిగబట్టుకుని తమరి నోరే సూసాను."

మరలి కోటకు రమ్మని భూపతి యడుగలేదు. అడుగుటకు తనకర్హత లేదని గ్రహించెను. ఆచారియు క్షమించితినని పలుకలేదు. చల్లారిన యినుమును మరల నిప్పులలోనికి నెట్టెను.

భూపతి తలయెత్తి చుట్టును చూచెను. నిందయో క్రోధమో అపహాసమో ఆ ముఖములలో కనబడినచో ఆతడు భరింపగలిగియుండును. దానికే సిద్ధపడి వచ్చెను. కాని కొడవలి పట్టుకొనిన కాపుమొదలు గాజులమ్మువాడివరకు సంతజనులందరును ఇంతకాలము తామాడిన మాటలను తలచుకొని ఎవరికి వారే నేలచూపులు చూచుచు నిలిచిరి. ఒక్కడు దాచిన యపరాధము దాగియుండదు. తెలియనివారి నోళ్ళకెక్కి వారినందరిని తనలో భాగస్వాములను జేసికొనును. మిట్టమధ్యాహ్నపుటెండలో తలలు వంచుకొనిన నిరపరాధుల నడుమ అపరాధియొక్కడే తలయెత్తి నిలిచియుండెను.