జాబితాలో లేని గుండు

సామాన్ల గది కిటికీకి కట్టిన అద్దం ముక్కలో చూసుకుంటూ దేవరాజులు పాపిట తీసుకుంటున్నాడు. ఈరోజు కాస్త ఎక్కువసేపే తీశాడు. పొట్టి మనిషి, మూటలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా దువ్వెన పళ్లు విరిగేంత జుట్టు.

తిరుపతి స్టేషనుకు ఎదురు సందులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ గదికి ఆయనే కాపలా. కొండకు పోయేవాళ్లు సంచి ఇచ్చి ఇత్తడి బిళ్ల తీసుకుపోతారు, దిగొచ్చి బిళ్ల ఇచ్చి సంచి తీసుకుంటారు. అంతే ఆయన బతుకు. దీన్ని గురించి పేపర్లో ఎవరూ రాయరు.

రేపటి నుంచి బిళ్లలుండవు. గోడ పొడవునా అరవై ఇనుప అరలొచ్చాయి. ముఖం చూపిస్తే అర మూసుకుంటుంది, మళ్లీ అదే ముఖం చూపిస్తే తెరుచుకుంటుంది. సాయంత్రానికి ఆ సాఫ్ట్‌వేరు పరీక్ష పాసైతే కాపలా స్టూలు దిగి ఇక ఇంటికి పోవచ్చునని ఓనరు ధనంజయ దేవరాజులుకు మర్యాదగానే చెప్పాడు. ఆ పరీక్షకు సాయం చేయమన్నదీ ఆయన్నే. పెద్ద చదువుల తెలివి అట్లా ఉంటుంది.

పరీక్ష పెట్టడానికి చిత్తూరు నుంచి ఐశ్వర్య అనే పిల్ల నిన్ననే వచ్చింది. రాగానే, అరలు అమ్మిన బెంగుళూరు ఆఫీసు పంపిన జాబితా తెరిచింది. ఏమేం చూడాలో రెండు వందల పదకొండు వరుసలు.

"అన్నీ సూడాలంటే వారం పడతాది మామా. మనకుండేది రెండు దినాలు. యాది ముందో యాది ఎనకో తేల్సుకోవల్ల."

"సదువు పాపా, ఇంటా." ఆయన ఐదుతోనే బడి మానేశాడు.

ఆమె చదివిన ప్రతి వరుసకూ ఆయన ఒకటే అడిగాడు.

"ఇది సెడితే ఎవురు ఏడుస్తారు?"

తెర రంగు మారితే ఎవరూ ఏడవరు, వెనక్కి. రైలుకు పది నిమిషాలుందనగా కరెంటు పోయి అర తెరుచుకోకపోతే ఏడుస్తారు, ముందుకు. చివరికి పందొమ్మిది మిగిలాయి. తాను ఇన్నేళ్లూ చూసిన ఏడుపులు ఒకరికి పనికొస్తాయని ఆయన అనుకోలేదు. "ఇంకేం సెడొచ్చు మామా?" అని ఆ పిల్ల అడిగిన ప్రతిసారీ కాస్త నిటారుగా కూర్చున్నాడు. "నా సంచి యాడ?" అని తప్ప ఆయన్ను ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు.

"ఇరవయ్యోది రాసుకో. గుండు."

ఐశ్వర్య జాబితా పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికింది. జుట్టుతో ఎక్కి గుండుతో దిగే ఊరికి పంపిన జాబితాలో గుండు లేదు.

"ఎవుర్ని పెట్టి సూసేది? ముందూ ఎనకా ఒకే మనిషి కావల్ల గదా."

దేవరాజులు తల తడుముకున్నాడు. భార్య నాగవేణికి ఆపరేషనైనప్పుడు తలనీలాలిస్తానని మొక్కుకుని పదమూడేళ్లయింది. ఆమె నిక్షేపంగా పలమనేరులో రెండు ఆవుల్ని మేపుకుంటోంది. జుట్టు మీది మోజుతో ఈయనే వాయిదా వేస్తూ వచ్చాడు. "నాకంటే నీకే సింగారమెక్కువబ్బా" అని ఆమె ఎగతాళి.

అందుకే ఈ పొద్దున అంతసేపు దువ్వుకున్నది. ఫోను సంచిలో వేసి, సంచినీ దువ్వెననూ పదిహేడో అరలో పెట్టాడు. ముఖం చూపించి మొదటి బస్సుకు కొండెక్కాడు.

మధ్యాహ్నం రెండింటికి గుండుకు గంధం పూసుకుని వచ్చి అర ముందు నిలబడ్డాడు.

"మీరెవరో తెలియలేదు," అంది యంత్రం.

దేవరాజులు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఉండు మామా, దానికీ దారుండాది. నీ ఫోనుకు నంబరొస్తాది, అది కొడితే సాలు."

పదిహేడో అర లోపల ఫోను టింగుమంది.

ఐశ్వర్య అర వైపు చూసింది, ఆయన వైపు చూసింది, నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది.

"గుళ్లోకి ఫోను ఇడుస్తారా పాపా? అందురూ సంచిలోనే పెట్టిపోతారు."

నవ్వులు విని ధనంజయ వచ్చాడు. "ఏం దేవరాజులూ, ఇది పనికిరాదంటావా? నీ బిళ్లలే మేలా?"

అవునంటే చాలు, స్టూలు ఆయనదే. కానీ ఒకసారి బిళ్ల పారేసుకుని గుండుతో వచ్చిన ఆడమనిషిని ఆయనే గుర్తుపట్టలేదు. సంచి ఇవ్వలేదు. చంటిబిడ్డతో ఆమె పొద్దుగూకేదాకా మెట్ల మీదే కూర్చుంది.

"పనికొస్తాది సామీ. నేను సేసిన తప్పే ఇదీ సేస్తాండాది. ముకం సగమే కుదిరితే అమ్మ పేరు అడగమనండి. గుండు కొట్టించుకున్నా అమ్మ పేరు మారదు. సదువు రానోళ్లుంటారు, నోటితో సెప్తే ఇనల్ల."

ఐశ్వర్య మూడు గంటలు తలెత్తలేదు. పొద్దున తీసిన ఫొటోను అట్లాగే ఉంచి, పక్కన ఆయన కాగితం మీద రాసిచ్చిన తల్లి పేరు చేర్చింది.

"మీ అమ్మగారి పేరు?" అడిగింది యంత్రం.

"మునిరత్నమ్మ."

ఎన్నో ఏళ్లకు ఆ పేరు ఆయన నోట వచ్చింది. అర తెరుచుకుంది.

"పాసైపోయింది మామా," అంది ఐశ్వర్య మెల్లగా, తప్పు చేసినదానిలా.

"కానీలే పాపా. మనం పెట్టిన పరీచ్చే గదా."

సంచిలోంచి ఫోను తీసి నాగవేణికి చేశాడు.

"వచ్చేస్తాండా. ఇంగ ఆడనే ఉంటా. గుర్తు పట్టకపోతే మా అమ్మ పేరు అడుగు."

అవతలి నవ్వు గదంతా వినిపించింది. సంచి భుజాన వేసుకుని, అద్దం ముక్క వైపు చూడకుండానే బస్టాండు దారి పట్టాడు.

తెరిచిన పదిహేడో అరలో, రెండు పళ్లు విరిగిన ఎర్ర దువ్వెన కొబ్బరినూనె వాసనతో అట్లాగే ఉంది.