కొత్త గుహలో పదిహేడో మార్పు

ప్రతాప్ ఒక ఆటను బాగుచేశాడని విన్నప్పుడు నవీనకు నవ్వు కూడా రాలేదు. ఏం చూసి నవ్వాలి? సి ప్రోగ్రాములో సెమికోలన్ మరిచిపోయి, తప్పు కంప్యూటర్‌దేనని గంటసేపు వాదించిన మనిషి. పూతలపట్టు దగ్గర మామిడితోటలూ చెరుకుతోటలూ ఉన్న ఇంటివాడు. ఎంసీఏ సీటు ఎట్లా వచ్చిందో ఆ వెంకన్నకే తెలియాలి. అట్లాంటివాడు గుహను బాగుచేయడమేమిటి?

గుహ అంటే ఒక పాత ఆట. రెండువేల ఒకటో సంవత్సరంలో, తిరుపతి ఊరి బయట ఉన్న వాళ్ళ కాలేజీ ల్యాబులో అందరూ ఆడేవాళ్ళు. ఏదో పత్రికతో ఉచితంగా ఇచ్చిన సీడీలో దొరికింది. అసలు పేరు ఇంకేదో ఉంది, ల్యాబులో మాత్రం అందరికీ గుహే. అందులో బొమ్మలుండవు. నల్లటి తెరమీద చుక్కలు, గీతలు, అక్షరాలు. ఆడేవాడు ఈమెయిలు అడ్రసులో వచ్చే అట్ మార్కు. ఎస్ కనిపిస్తే పాము, ఆర్ అయితే ఎలుక, పెద్ద డి కనిపిస్తే పరుగే పరుగు. ఇరవై అంతస్తులు కిందికి దిగి, అడుగున ఉన్న నీలమణిని తీసుకుని మళ్ళీ పైకి రావాలి. దారిలో చచ్చిపోతే అంతే. పడిన కష్టమంతా గంగలో కలిసి, మళ్ళీ మొదటి అంతస్తు. అది కూడా తెలిసిన గుహ కాదు. గదులూ దారులూ అన్నీ మారిపోయి ఉంటాయి.

కాలేజీ మొత్తానికి నీలమణిని పైకి తెచ్చింది ఒక్క నవీనే. పద్నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు ల్యాబు చూసుకునే షాకిర్, చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే నలభై ఏళ్ళ మనిషి, ఆ చివరి తెరను ప్రింటు తీసి ల్యాబు తలుపుకు అంటించాడు. అప్పటినుంచి ఆ తలుపు తోసిన ప్రతిసారీ నవీనకు వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

ఆగస్టులో ఒక సోమవారం ఆ ప్రింటు మీద, సగం కప్పేస్తూ, ఇంకో కాగితం కనిపించింది. "కొత్త గుహ. ఆడండి. తప్పులుంటే చెప్పండి. ప్రతాప్." పాత ఆట ప్రోగ్రామును ఎవరైనా మార్చుకోవచ్చని సీడీలోనే రాసి ఉంది. అందుకని మార్చాడట. దాన్నే ఈ సెమిస్టరు ప్రాజెక్టుగా పెడుతున్నాడట.

నవీన అతను ల్యాబులో ఉంచిన ఫ్లాపీ పెట్టి ముందు మార్పుల జాబితా తెరిచింది. ఒకటి, పాము విషం సగానికి సగం. రెండు, సీసాలో మందు ఏదో తాగకముందే పేరు కనిపిస్తుంది. మూడు, గుంతలు రెండడుగుల ముందే కనిపిస్తాయి. ఇంకా చదివే కొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇది గుహా, లేక చంటిపిల్లల ఊయలా? పాము కరిస్తే చావకపోతే అది పామెందుకు, తాడు అనరాదా?

అప్పుడే ఆమెకొక ఆలోచన వచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఏ అంతస్తులో, దేనివల్ల చచ్చారో ఆట తనంతట తానే ఒక ఫైలులో రాసిపెడుతుంది. ఆ ఫైలు తెరిచి ప్రతాప్ పేరు వెతికింది. జూలై పన్నెండు: ప్రతాప్, మూడో అంతస్తు, పాము. మొదటి మార్పు తేదీ చూస్తే జూలై పదమూడు. జూలై పంతొమ్మిది: ప్రతాప్, విషపు సీసా. రెండో మార్పు జూలై ఇరవై. ఆగస్టు రెండు: గుంతలో పడి. మూడో మార్పు, ఆగస్టు మూడు. నవీన కుర్చీలో వెనక్కి వాలింది. ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి ప్రింటుకు ఇచ్చింది. ప్రింటరు కరకరమంటూ మూరెడు కాగితం కక్కింది.

బుధవారం ప్రాజెక్టుల సంగతి అడగడానికి డిపార్ట్‌మెంటు పెద్ద మునిరామయ్య సార్ ల్యాబుకు వచ్చాడు. ప్రతాప్ లేచి ఏదో చెప్పబోతుంటే నవీన అడ్డుపడింది.

"సార్, ఇది ప్రాజెక్టు కాదు సార్. ప్రతాప్ యాడాడ సచ్చినాడో ఆ లిస్టు."

కాగితం మడత విప్పి చదివింది. చావు, మరుసటి రోజు మార్పు. చావు, మార్పు. నాలుగోదానికి వెనక బెంచీలో నవ్వు మొదలైంది. గబ్బిలం దగ్గరికి వచ్చేసరికి మునిరామయ్య సార్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పన్నెండో మార్పు దాకా చదివి, ఇంక చాలనుకుని నవీన కాగితం మడిచేసింది.

ప్రతాప్ మొహంలో సిగ్గన్నది లేదు. అదే ఆమెకు ఇంకా రోత పుట్టించింది.

"అవును సార్. సచ్చిన చోటల్లా సూసినా. ఎందుకు సచ్చినానో నాకు తెలిస్తే అది నా తప్పు, వదిలేసినా. ఎందుకు సచ్చినానో తెలీకుండా సచ్చిన చోట మాత్రం మార్చినా," అన్నాడు.

"తెలివిలేక సచ్చిన చోట అను," అంది నవీన. మళ్ళీ నవ్వులు.

మునిరామయ్య సార్ ఆమెవైపు తిరిగాడు. "నువ్వు ఆడి సూసినావా పాపా?"

"ఆడాల్సిన పనేముండాది సార్? చదివితేనే తెలిసిపోతా ఉంది."

"ఆడకుండా ఎట్ల చెప్తావు?"

"సరే సార్. శనివారం పొద్దున పదికి కూర్చుంటా. అన్నం గంట కొట్టేలోపల మణి తెచ్చి ప్రతాప్ చేతిలో పెడతా. అప్పుడు తెలుస్తుంది అదెంత ఆటో."

శనివారం ల్యాబు నిండిపోయింది. పని లేనివాళ్ళూ వచ్చారు, పని ఎగ్గొట్టినవాళ్ళూ వచ్చారు. నవీన జడ వెనక్కి విసిరి కూర్చుంది. మొదటి నాలుగు అంతస్తులూ ఆడినట్టే లేదు. పాము కరిస్తే నవ్వింది. గుంతలు ముందే కనిపిస్తుంటే "పక్కకు పో తల్లీ అని బోర్డు కూడా పెట్టాల్సింది," అంది. చచ్చిన జంతువుల మాంసంతో పాటు తినడానికి పులిహోర పొట్లాలు దొరుకుతున్నాయి. "ప్రసాదం కూడా పంచుతా ఉండాడు చూడండి. అలిపిరి మెట్లెక్కినట్టుంది నాకు." వెనక నిలబడ్డవాళ్ళు గొల్లుమన్నారు. ప్రతాప్ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని తెరనే చూస్తున్నాడు.

ఐదో అంతస్తులో నవీన తన పద్ధతి మొదలుపెట్టింది. ఆమె గెలిచిన పద్ధతి అదే. ఇరుకు సందు మొదట్లో నిలబడాలి. ఐదో నంబరు మీట నొక్కితే అట్ మార్కు కదలకుండా విశ్రాంతి తీసుకుంటుంది, గాయాలు మానుతాయి. ఈలోపల జంతువులు ఒక్కొక్కటే సందులోకి వస్తాయి. ఒక్కొక్కదాన్నీ చంపాలి, తినాలి, మళ్ళీ నిలబడాలి. చంపినకొద్దీ బలం పెరుగుతుంది. గంటలకొద్దీ అట్లా నిలబడితే, కింద ఏ రాక్షసి ఎదురైనా ఒక్క దెబ్బే. మీట నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టకుండా, బస్సు టికెట్టు మడిచి మీట పక్క సందులో దోపేసేది. మీట దానంతటదే నొక్కుకుని ఉండేది. జంతువు వస్తే ఆట ఆగేది. దాన్ని ఆమె ఓర్పు అనుకునేది. మిగతావాళ్ళకు లేనిది తనకున్నది అదేననుకునేది.

ఈసారి కూడా టికెట్టు దోపి, కుర్చీ తిప్పుకుని, చూడ్డానికి వచ్చినవాళ్ళకు వివరించసాగింది. "ఆట అంటే భయముండాల. తప్పు చేస్తే పోతామనే భయం. ఈయప్పకు భయమంటే పడదు. అందుకని పాముకు పళ్ళు పీకినాడు, గుంతకు మూతేసినాడు. రేపు ఆట మొదలుపెట్టంగానే మణి చేతిలో పెట్టి పంపిస్తాడు..."

ఇంకా చాలా చెప్పింది. బాగా చెప్పింది కూడా. తెర అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి పోయింది: ఇక్కడికి ఇంకెవరూ రారు. దాన్ని షాకిర్ చూశాడు, ప్రతాప్ చూశాడు. నవీన చూడలేదు. ఎవరో "నవీనా, ఆకలని పడతా ఉంది" అన్నప్పుడు ఇటు తిరిగింది.

అప్పటికి తెరమీద ఉన్నది ఆకలి కాదు, నీరసం. టికెట్టు పీకేసి సంచి తెరిచింది. ఉన్న రెండు పొట్లాలూ తిన్నా చాల్లేదు. సందులోంచి బయటపడి మెట్లవైపు పరుగెత్తించింది. అట్ మార్కు నాలుగడుగులు వేసి పడిపోయింది. లేచింది. మూడడుగులు వేసి మళ్ళీ పడింది. మెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. తెర ఒక్కసారి ఖాళీ అయి, ఒకే వరుస మిగిలింది. నవీన, ఐదో అంతస్తు, ఆకలి.

గడియారంలో పదీ యాభై. ల్యాబులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

"ఇది తప్పు. ఆటలో తప్పుండాది. ఇంతసేపు ఒక్క ఎలుక కూడా రాకుండా ఎట్లుంటుంది?" అంది నవీన.

"తప్పు కాదు నవీనా. పదిహేడో మార్పు. ఒకేచోట శానాసేపు నిలబడితే జంతువులు రావు, ఆకలి రెండింతలు అవుతాది," అన్నాడు ప్రతాప్. "లిస్టులో రాసినాను కదా. సదవలేదా?"

ఆమె పన్నెండు దగ్గర ఆపేసింది. ఆ మాట చెప్పలేదు.

"ఇదెందుకు మార్చినావు? ఇందులో నువ్వు సావలేదే?"

"సావలేదు. ఐదో మీట ఎందుకు అరిగిపోతా ఉందని అడిగితే షాకిరన్న ఈ పద్ధతి చెప్పినాడు. నేను కూడా ఒక దినమంతా పాత గుహలో అట్లనే నిలబడి సూసినా. పదో అంతస్తు దాకా పోయినా. కానీ ఆడినట్టే లేదబ్బా. కుర్చీలోనే నిద్రపోయినా. అందుకని తీసేసినా." అంతటితో ఆగినా సరిపోయేది. ఒక అడుగు ముందుకు వచ్చి, మెల్లగా, మంచిమనసుతో అడిగాడు: "నీకు కష్టంగా ఉంటే చెప్పు. రెండు లైన్లే. సోమవారానికి మార్చేస్తా."

నవీనకు చెవులు వేడెక్కాయి. ఈ మనిషి, ఈ సెమికోలన్ రాని మనిషి, తనమీద జాలిపడుతున్నాడు. పాము కరిచినవాళ్ళ మీద పడ్డట్టు, గుంతలో పడినవాళ్ళ మీద పడ్డట్టు.

"మార్చినావంటే ఆ ఫ్లాపీ ఇరిచి నీ చేతిలో పెడతా. గమ్మునుండు," అని మళ్ళీ మొదటి అంతస్తు తెరిచింది.

ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు చచ్చింది. ఆ తర్వాతి వారాల్లో ఇంకెన్నిసార్లో. నిలబడడానికి లేదు కాబట్టి కదలాలి. కదిలితే ఏం చేయాలో ఆమెకు తెలియదు. బల్లెం ఎప్పుడు విసరాలో తెలియదు, ఎప్పుడు తలుపు మూసి పారిపోవాలో తెలియదు. పద్నాలుగు నెలలు ఆడి తాను నేర్చుకున్నది నిలబడడం ఒక్కటే. ఈ సంగతి ఒక సాయంత్రం ఏడెనిమిది ఎలుకల మధ్య చిక్కుకున్నప్పుడు తెలిసొచ్చింది. తెలిసొచ్చినందుకు కోపం ప్రతాప్ మీదే వచ్చింది.

దసరా సెలవుల తర్వాత ఆమె పదో అంతస్తు దాటింది. అంత కిందికి కొత్త గుహలో ఎవరూ పోలేదు. అక్కడ ప్రతాప్ చేసిన తప్పులు ఎవరికీ కనపడలేదు. నవీనకు వరసగా కనపడ్డాయి. చీటీల మీద రాసి అతని బెంచీ మీద పడేసి పోయేది. "పదకొండో అంతస్తులో మెట్లు గోడ లోపల ఉండాయి. కట్టినవానికి కళ్ళు యాడ ఉండాయో?" "పన్నెండులో తేలు సచ్చినాక కూడా కరస్తా ఉంది. సిగ్గులేదా?" మరుసటి రోజుకు మెట్లు బయటికొచ్చేవి, తేలు చచ్చేది. కొత్త ఫ్లాపీ ఆమె బెంచీ మీద ఉండేది.

డిసెంబరులో బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రాజెక్టులు చూశాడు. నవీన చేసింది ఆసుపత్రి రికార్డుల ప్రోగ్రాము. ఆ రోజు ఆయన చూసిన ఆసుపత్రుల్లో అది ఏడోది. రెండు ప్రశ్నలడిగి పంపించేశాడు. ప్రతాప్‌ను మాత్రం ముప్పావు గంట కూర్చోబెట్టుకున్నాడు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు అతనికే వచ్చాయి. అతని రిపోర్టు వెనక పేజీలో పరీక్షించినవారు అని ఒక్క పేరే ఉంది, నవీనది. ఇంగ్లీషులో రాసిన ఆ పేరులో రెండు అక్షరాలు తారుమారయ్యాయి.

ఆమె ఆ పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. "పేరు రాయడం కూడా రాదా నీకు?"

ప్రతాప్ వంగి చూశాడు. "అయ్యో" అని పెన్ను తీసి, కొట్టేసి, పైన సరిగ్గా రాశాడు. బైండింగు అయిపోయిన మిగతా మూడు కాపీలూ అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయాయి.

కోర్సు అయిపోయే లోపల నవీన కొత్త గుహలో పద్నాలుగో అంతస్తు దాటలేదు. మణి సంగతి ఎవరైనా అడిగితే, చేసిన ప్రతాపే అందులో ఏడో అంతస్తు దాటలేదని చెప్పేది. అది నిజమే. అడగనివాళ్ళకు కూడా చెప్పేది.